ఇంటికి అరమెట్టు దూరం

సౌండింజనీరు పాటను మధ్యలో ఆపి, కుర్చీ వెనక్కి తిప్పింది.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఈ ముక్కని ప్రతి పాటలోనూ ఎందుకు పెడుతున్నారు?"

సోఫాలో ఇరుక్కుని కూర్చున్న నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఏ ముక్క?" అన్నాడు అన్న.

వాళ్ళ బ్యాండు పేరు 'తుప్పు'. ఒక అన్నాచెల్లెలు, ఇద్దరు స్నేహితులు. అన్న గిటారు వాయిస్తాడు, పాటలకు బాణీలు కడతాడు, బతుకుతెరువుకి నీళ్ళ మీటర్లు బాగుచేస్తాడు. చెల్లెలిది బేస్ గిటారు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని ఇంట్లో చిట్టి అని పిలిచారు. పెద్దయ్యాక గుమ్మాల దగ్గర తల వంచుకోవాల్సినంత పొడుగైంది గానీ పేరు మాత్రం అదే ఉండిపోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని ఆమెది. డ్రమ్ములు కొట్టేవాణ్ణి అందరూ గుండు అంటారు, అతని తల చూస్తే ఎందుకో అడగక్కర్లేదు. టైర్ల షాపులో పని. పాడేవాడు బొంగురు, సర్కారు బడిలో లెక్కల మాస్టారు. పిల్లల మీద అరిచి అరిచి ఆ గొంతు వచ్చిందని, అది ప్రభుత్వం వారి దయ అని చెప్పుకుంటాడు.

స్టూడియో ఒకప్పుడు పళ్ళు నిలవచేసే కోల్డ్ స్టోరేజి. మూరెడు మందం గోడలు, పొడవాటి ఇనప పిడి ఉన్న బరువైన తలుపు. ఆ తలుపు వేస్తే వీధిలో లారీ హారన్ కొట్టినా లోపలికి వినపడదు. అందుకే ఇంజనీరు దాన్ని అద్దెకు తీసుకుంది. ఆమెతో వీళ్ళు పనిచేయడం ఇదే మొదటిసారి.

"వినండి," అని ఆమె మిగతావన్నీ మూసేసి గిటారు ఒక్కటే వినిపించింది. పరుగులాంటి పాట అది. ఆ పరుగులో ఒకచోట కొన్ని స్వరాలు ఇంటి దగ్గర మొదలై, అరమెట్టు పైకి జరిగి, అక్కణ్ణించి ఒక్క గెంతు గెంతి, మళ్ళీ మెల్లగా మెట్లు దిగుతూ వచ్చి, సరిగ్గా ఇంటికి అరమెట్టు దూరంలో ఆగిపోయాయి. పాటకి ఆధారంగా నిలిచే స్వరాన్ని వాళ్ళు ఇల్లు అనేవాళ్ళు. పాట ఎక్కడెక్కడ తిరిగినా చెవి చివరికి అక్కడికే చేరాలని చూస్తుంది. ఈ ముక్క చేరదు.

"అది మా పద్ధతే కదండీ," అన్నాడు అన్న. "ఇంటికి రాకుండా ఆపేయడం. మా పాటల్లో ఏ కార్డూ, ఏ స్వరాల గుత్తీ చివరికి కుదురుగా కూర్చోదు. వినేవాళ్ళకి అదే ఇష్టం."

"పద్ధతి సంగతి కాదు నేను అడిగేది. ఇదే ముక్క. ఇవే స్వరాలు, ఇదే వరస." ఆమె రెండో పాట తీసి బేస్ ఒక్కటే వదిలింది. నత్తనడక పాట. అందులో చిట్టి వేళ్ళు అదే ముక్కని చాలా నెమ్మదిగా, ఒక్కో స్వరానికీ ఊపిరి పీల్చుకుంటూ పలికాయి. మూడో పాటలో అది బొంగురు చివర్లో తీసిన కూనిరాగంలో ఉంది.

"నేనా?" అన్నాడు బొంగురు. "నేను ఆవలింత ఆపుకుంటూ ఏదో తీశానంతే."

చిట్టికి నవ్వు రాలేదు. ఆ బేస్ వరస తను కూర్చుని కట్టినదే. నిజంగా ఎలా వచ్చిందో గుర్తు చేసుకుంటే మాత్రం ఏమీ దొరకలేదు. వేళ్ళు అటు వెళ్ళాయి, బావుందనిపించింది, ఉంచేసింది.

తర్వాతి వారం వచ్చేసరికి ఇంజనీరు వాళ్ళ పాత ఆల్బమ్‌లు రెండూ విని పెట్టుకుంది. ఆమె మొహంలో వింత విషయం కనిపెట్టిన ఉత్సాహమేమీ లేదు. నిద్ర చాలనట్టుంది.

"వాటిలోనూ ఉంది. మొదటి దాంట్లో ఎక్కడో అడుగున, వినీ వినపడకుండా. రెండో దాంట్లో కాస్త పైకి వచ్చింది. ఇప్పుడు వాయిద్యాలన్నిటికన్నా ముందుకు వచ్చేసింది. నేను పెంచలేదు. మీరు వాయించడమే అలా వాయించారు." ఒక్క క్షణం ఆగి అంది, "దూరం నుంచి ఎవరో నడుచుకుంటూ వస్తున్నట్టు ఉంది, వరసగా వింటే."

"పగలే భయపెట్టకండి," అన్నాడు గుండు.

అన్నకి కోపం వచ్చింది. పాటలు కట్టేది అతను. తన చెయ్యి తనకి తెలియకుండా ఏదో చేస్తోందంటే ఏ పనివాడికైనా చిరాకే. "అలవాటు," అన్నాడు. "అందరం ఏళ్ళ తరబడి కలిసి వాయిస్తున్నాం. ఒకరి అలవాటు ఒకరికి అంటుకుంటుంది. అంతకు మించి ఏం లేదు. అది లేకుండా ఒక పాట చేసి చూపిస్తాను."

పంతం పట్టి చేశాడు. తుప్పు ఎన్నడూ వాయించనంత తేటగా, హాయిగా, పిక్నిక్కుకి వెళ్ళే బస్సులో పాడుకునేలాంటి పాట. కార్డులన్నీ బుద్ధిగా ఇంటికి వచ్చి కూర్చునేవే. ఎవరు ఏ స్వరం ముట్టుకోకూడదో ముందే చెప్పాడు. గిటారులో ఆ గెంతు రాకూడదు, చిట్టి మెట్లు దిగకూడదు, బొంగురు కాగితం మీదున్న మాటలే పాడాలి, కూనిరాగం తీయకూడదు. వాయిస్తున్నంతసేపూ నలుగురూ గాజుసామాను మోస్తున్నవాళ్ళలా వాయించారు. అయ్యాక గుండు చెమట తుడుచుకుంటూ, "ఇలాంటి పాటలు వాయిస్తే మనకి పెళ్ళిసంబంధాలు కూడా వస్తాయి," అన్నాడు.

ఇంజనీరు వినిపించింది. గిటారు విడిగా వింటే ఏమీ లేదు. బేస్ విడిగా, గొంతు విడిగా, డ్రమ్ములు విడిగా విన్నా ఏమీ లేదు. అన్న గెలిచినట్టు చేతులు కట్టుకున్నాడు.

ఆమె అన్నీ కలిపి వేసింది.

రెండో చరణం దాటాక వచ్చింది. మొదటి స్వరం చిట్టి బేస్‌లో. అరమెట్టు పైన అన్న గిటారులో. గెంతు బొంగురు గొంతులో, ఒక మాట చివర. దిగే మెట్లు ఒకటి గిటారుది, ఒకటి మళ్ళీ బేస్‌ది. ఆఖరి మెట్టు గుండు అప్పుడప్పుడూ కొట్టే చిన్న డ్రమ్ము మీద. ఎవరికి వాళ్ళు అమాయకులే. నలుగురూ కలిస్తే అది అక్కడ ఉంది, ఒక్క మనిషి ఒక్క నోటితో పలికినట్టు. ఇంటికి అరమెట్టు దూరంలో ఆగింది.

 బొంగురు లేచి వెళ్ళి నీళ్ళు తాగొచ్చాడు.

"ఇల్లు మార్చుకుని కూడా వచ్చింది," అంది ఇంజనీరు. "మీ పాటకి ఇల్లు ఒకచోట ఉంది. దానికి మరోచోట."

ఆ ఆదివారం చిట్టి ఇంట్లో తన గదిలో కూర్చుని, బేస్‌ని దేనికీ తగిలించకుండా, ఉత్త తీగల మీద ఆ ముక్క వాయించి చూసింది. అంతవరకూ ఎవరూ దాన్ని విడిగా, కావాలని వాయించలేదు. మధ్యాహ్నం వేళ, కిటికీలోంచి ఎండ నేల మీద పడుతోంది. పక్క గదిలో అమ్మ కుట్టుమిషను టకటకలాడుతోంది. అమ్మ కర్టెన్లు కుట్టి దుకాణాలకి ఇస్తుంది. పిల్లల బ్యాండుని ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ గోలలో నాకు పాటెక్కడుందో తెలీదర్రా అని మొదట్లోనే చెప్పేసింది, వాళ్ళూ బలవంతం చేయలేదు.

చిట్టి రెండోసారి వాయించేసరికి మిషను ఆగింది.

గబగబా అడుగుల చప్పుడు. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అమ్మ నిలబడింది, మెడలో కొలత టేపు వేలాడుతూ. ఆమె చిట్టి వైపు చూడలేదు. తలుపు తీస్తూనే చూపు కిందికి, మోకాలి ఎత్తుకి వెళ్ళింది. అక్కడ కాసేపు వెతికింది. మొహం అంతా విచ్చుకుని ఉంది, ఎదురుచూసిన మనిషి వస్తే ఉన్నట్టు. తర్వాత తలెత్తి మంచం మీద కూర్చున్న కూతుర్ని చూసింది. మొహం మెల్లగా మూసుకుపోయింది.

"నువ్వా," అంది.

"ఏంటమ్మా?"

"ఎవరు నేర్పారు నీకు అది?"

"ఎవరూ నేర్పలేదు. మా పాటల్లో వస్తుంది. ఎందుకు?"

అమ్మ వెనక్కి తిరిగింది. వెళ్ళి మిషను ముందు కూర్చుంది గానీ, మిషను కదల్లేదు. చిట్టి కాసేపు చూసి తనూ వెళ్ళింది. అమ్మ ఒడిలో సగం కుట్టిన నీలం కర్టెను ఉంది. దాని అంచుని వేళ్ళతో మడతపెడుతూ, విప్పుతూ ఉంది.

"మీ నాన్న నా దగ్గర మాట తీసుకున్నారు," అంది చివరికి. "పిల్లలకి చెప్పొద్దు, వాళ్ళు నవ్వుతూ పెరగాలి అని. ఆయనా పోయారు. ఇంక ఎవరికోసం దాచాలి. మీ అన్నయ్య కంటే ముందు నాకో పిల్ల."

చిట్టి కింద, గుడ్డముక్కల మధ్య కూర్చుండిపోయింది.

"పాపాయి అనేవాళ్ళం. నడక తొందరగానే వచ్చింది. మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయన్నారు డాక్టర్లు, వస్తుందిలే అన్నారు. మాట లేదు గానీ కూనిరాగం ఉండేది. ఒక్కటే. ఏ తలుపు వేసి ఉన్నా పిడి అందేది కాదు దానికి. బయట నిలబడి అది పాడేది. నువ్వు వాయించినది. అక్కడిదాకా వచ్చి ఆగేది. నేను తలుపు తీస్తే అప్పుడు ఆఖరి ముక్క అనేది. లోపలికి వస్తూ." అమ్మ నోరు తెరిచింది, ఆ ఆఖరి స్వరం అనబోయింది, అనలేదు. "తలుపు తీస్తే గానీ అనేది కాదు. మీ నాన్న ఆటపట్టించడానికి తీయకుండా నిలబడేవారు. మళ్ళీ మొదటినుంచి పాడేది. విసుక్కునేది కాదు పిచ్చిది."

"ఏమైంది?"

"జ్వరం. అంటుకునే రకం. పిల్లల్ని వేరే వార్డులో పెట్టారు, తల్లుల్ని రానిచ్చేవాళ్ళు కాదు. అప్పట్లో అంతే, వాళ్ళు చేయగలిగింది వాళ్ళు చేశారు. అద్దాల తలుపు ఉండేది. బయట బల్ల మీద నేను. అది లోపల పాడేది, నాకు వినపడేది. పాడి ఆగేది. మళ్ళీ పాడేది. నర్సు వచ్చి, మీ పాప హాయిగా పాడుకుంటోందమ్మా, మీరేం దిగులు పెట్టుకోకండి, అని చెప్పింది." అమ్మ కర్టెను అంచు వదిలేసింది. "మంచి పిల్ల ఆ నర్సు. ఆమెకేం తెలుసు."

చాలాసేపటి తర్వాత చిట్టి అడిగింది. "నువ్వెప్పుడైనా పాడావా అమ్మా? మా చిన్నప్పుడు. మాకు తెలియకుండా ఎక్కడైనా?"

"ఆ తర్వాత నేను ఏ పాటా పాడలేదు. మీ ఇద్దరినీ పాట లేకుండానే నిద్రపుచ్చాను. ఈ ఇల్లు కూడా దానికి తెలీదు. మీ అన్నయ్య కడుపులో ఉండగా మారాం ఇక్కడికి."

మర్నాడు సాయంత్రం స్టూడియోలో చిట్టి అంతా చెప్పింది. తనకొక అక్క ఉండేదన్న మాట నోటితో అనడం కొత్తగా, నోరు తిరగని మాటలా ఉంది. అన్న గిటారు ఒళ్ళో పెట్టుకుని, తల ఎత్తకుండా విన్నాడు.

"అమ్మ పాడే ఉంటుంది," అన్నాడు. "గుర్తు లేక అంటోంది. మనం పొట్టలో ఉన్నప్పుడో, ఉయ్యాల్లో ఉన్నప్పుడో. పిల్లలకి అవన్నీ పట్టేస్తాయట."

"మరి నా సంగతేంటి?" అన్నాడు గుండు. "నేను వేరే పొట్ట కదా."

ఎవరైనా నవ్వుతారేమోనని అతను కాసేపు చూశాడు. మామూలుగా అయితే బొంగురే ముందు నవ్వేవాడు.

"నా మాట వినండి," అన్నాడు అన్న. "ఎక్కడినుంచి వచ్చినా సరే, అది మన పాటల ప్రాణం. ఇన్నాళ్ళూ జనం మనల్ని విన్నది దానికోసమే. ఇంటికి రాని పాటలు కాబట్టే మళ్ళీ మళ్ళీ వింటారు. ఎలా ఉన్నదాన్ని అలా వదిలేద్దాం."

"వదిలేయడమా?" అంది చిట్టి. "బయట నిలబడి ఉంది అన్నయ్యా."

"ఎవరూ నిలబడి లేరు."

అతను గట్టిగానే అన్నాడు. అంటూ తలుపు వైపు చూశాడు.

ఆ వారంలోనే ఒక పొద్దున అమ్మ స్టూడియోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. దుకాణంలో కర్టెన్లు ఇచ్చేసి వస్తున్నానని, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని నిలబడింది. ఇంజనీరు కుర్చీ లాగి వేసింది. గుండు కంగారుగా పుల్లలు దాచేశాడు, ఎందుకో అతనికే తెలీదు.

"ఆ పాట వేయమ్మా," అంది అమ్మ ఇంజనీరుతో. "చిట్టి చెప్పిందే. నలుగురిలోనూ పంచుకుని వచ్చిందట కదా, అది."

"అమ్మా, ఎందుకిప్పుడు?" అన్నాడు అన్న.

"నువ్వు మాట్లాడకు."

ఇంజనీరు పాట వేసింది. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బస్సుకోసం కూర్చున్నట్టు కూర్చుంది. మొదటి చరణంలో చిన్నగా తల ఊపింది. రెండో చరణం కాగానే లేచి నిలబడింది. ముక్క వచ్చి, మెట్లు దిగి, ఆగింది. పాట ముందుకు వెళ్ళిపోయింది. అమ్మ స్పీకర్ల వైపు చూడటం లేదు, తలుపు వైపు చూస్తోంది.

"మళ్ళీ వేయి," అంది. వేశారు. రెండోసారి కూడా విని, నెమ్మదిగా అంది, "తలుపు తీయండి."

"బయట ఎవరూ లేరమ్మా," అన్నాడు అన్న.

"తెలుసు. తీయి."

అతను కదల్లేదు. మొండితనం కాదు, భయమని చిట్టికి అర్థమైంది. చిన్నప్పుడు ఇంజక్షన్ ముందు అతని మొహం అలాగే ఉండేది. అమ్మ తనే వెళ్ళి ఆ ఇనప పిడి పట్టుకుని లాగింది. కోల్డ్ స్టోరేజి తలుపు, మగవాళ్ళకే రెండు చేతులు కావాలి. ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. "మళ్ళీ వేయమ్మా పాట," అంది వెనక్కి తిరగకుండా.

పాట మూడోసారి మొదలైంది. అమ్మ పిడి వదల్లేదు. భుజాలు వణుకుతున్నాయి. రెండో చరణం వచ్చేసరికి అన్న గిటారు కింద పెట్టాడు. వెళ్ళి అమ్మ చేతుల పక్కన తన చెయ్యి వేశాడు. బేస్ మొదటి స్వరం అంది, గిటారు అరమెట్టు పైకి జరిగింది, బొంగురు గొంతు గెంతింది, మెట్లు ఒక్కొక్కటే దిగాయి.

తలుపు తెరుచుకుంది.

బయట వసారాలో పొద్దుటి వెలుగు. గోడకి ఆనించిన చీపురు, ఖాళీ డబ్బాలు. ఎవరూ లేరు. గదిలోకి చల్లటి గాలి వచ్చింది, నేల వారగా, పాదాల మీదుగా.

ఆఖరి స్వరం వినపడింది.

పెద్దగా కాదు. మూసిన పెదాల వెనకనుంచి వచ్చినట్టు, పొట్టిగా, ఇల్లు చేరినట్టు. స్పీకర్లలో పాట మాత్రం తన దారిన తాను వెళ్తూనే ఉంది. ఇంజనీరు చెయ్యి చాచి దాన్ని ఆపేసింది. ఆ తర్వాత ఎవరు ఎన్నిసార్లు అడిగినా ఆమె ఒకటే చెప్పింది, "అది నా యంత్రంలోంచి రాలేదు." బొంగురు తనకి తలుపు దగ్గర వినపడిందన్నాడు. గుండు మాత్రం తన స్టూలు పక్కనే, కిందనుంచి, మోకాలి దగ్గర వినపడిందన్నాడు. అలా అంటూ ఆ మోకాలిని అరచేత్తో కప్పుకున్నాడు.

అమ్మ ఏడవలేదు. "రా," అంది, మామూలుగా, భోజనానికి పిలిచినట్టు. సంచి తీసుకుని వసారాలోకి నడిచింది.

"ఆగమ్మా, వ్యానులో దింపుతాను," అన్నాడు అన్న వెనకనుంచి.

"వద్దు నాన్నా. నడిచి వెళ్తాంలే," అంది అమ్మ.

చిట్టి గుమ్మంలో తల వంచుకుని నిలబడి చూసింది. అమ్మ వసారా పొడుగునా వెళ్తోంది. ఎప్పుడూ విసురుగా నడిచే మనిషి, ఇప్పుడు చిన్న చిన్న అడుగులు వేస్తోంది. కుడిచెయ్యి ఒంటికి కాస్త ఎడంగా, కిందికి చాచి, వేళ్ళు సగం ముడిచి ఉన్నాయి.

తర్వాత వాళ్ళు కట్టిన ఏ పాటలోనూ ఆ ముక్క రాలేదు. ఇంజనీరు ట్రాకులు విడివిడిగా, కలిపి, వెతికి వెతికి చూసింది. పాత ఆల్బమ్‌లలో అలాగే ఉంది, కొత్తవాటిలో లేదు. అన్న ఒకసారి పట్టుబట్టి కావాలని వాయించాడు. స్వరాలు సరిగ్గానే పడ్డాయి. ఎవరో మనిషి ఫోను నంబరు చదివినట్టు ఉంది.

పోయింది అదొక్కటే అయితే బాగుండేది. అతను కట్టే పాటలన్నీ ఇంటికి రావడం మొదలుపెట్టాయి. ఎంత వంకర దారి పట్టించినా చివరికి కార్డులు వచ్చి ఇంటి స్వరం మీద చతికిలబడేవి. ఆల్బమ్ బయటికి వచ్చాక మర్యాదగా నాలుగు మంచిమాటలు అన్నవాళ్ళు ఉన్నారు, అంతే. ఒకాయన రాశాడు, తుప్పు వదిలిపోయింది అని. గుండు దాన్ని కత్తిరించి టైర్ల షాపు గోడకి అంటించుకున్నాడు. అన్న మాత్రం మంచం పట్టినవాడిలా అయిపోయాడు. గిటారు పెట్టెలో పెట్టేశాడు. మీటర్ల పనికి వెళ్ళేవాడు, వచ్చేవాడు, తినేవాడు, పడుకునేవాడు.

"నావి అనుకున్నాను చిట్టీ," అన్నాడు ఒకరోజు మెట్ల మీద కూర్చుని. "ఒక్కటీ నాది కాదు."

"నువ్వు వాయించబట్టే కదా తను ఇక్కడిదాకా వచ్చింది," అంది చిట్టి.

 అతను కాలివేలితో మెట్టు మీది పెచ్చు గీకుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత మళ్ళీ గిటారు తీయడానికి చాలాకాలం పట్టింది. తీసినప్పుడు కొత్తగా నేర్చుకునేవాడిలా, ఒక్కో కార్డు పట్టి, ఎటు వెళ్ళాలో తనే తేల్చుకుంటూ, తప్పులు చేస్తూ మొదలుపెట్టాడు. ఆ పాటలు వినడానికి వచ్చేవాళ్ళు తక్కువ. నలుగురూ మాత్రం విడిపోలేదు. శనివారాలు కోల్డ్ స్టోరేజికి వెళ్ళి వాయించి వస్తారు. తలుపు వేసుకునే వాయిస్తారు, పిడి మాత్రం బిగించరు. అలా అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

అమ్మ బాగానే ఉంది. బాగుంది అనాలి. కర్టెన్లు కుడుతుంది, రేడియో పెట్టుకుంటుంది, అప్పుడప్పుడూ దానితో గొంతు కలుపుతుంది. మొదటిసారి ఆ గొంతు విన్నరోజు చిట్టి గదిలోంచి బయటికి రాకుండా మంచం మీదే కూర్చుండిపోయింది. ఒక సెలవురోజున అమ్మ కొడుకుని పిలిచి, ఇంట్లో తలుపులన్నిటికీ ఇంకొక్కో పిడి కావాలని అడిగింది. ఉన్నవాటికి కింద, మోకాలికి కాస్త పైన.

అన్న ఎందుకని అడగలేదు. బజారుకి వెళ్ళి చిన్న ఇత్తడి పిడులు తెచ్చాడు. పొద్దుటినుంచి నేల మీద కూర్చుని, డ్రిల్లుతో రంధ్రాలు వేసి, ఒక్కో తలుపుకీ బిగించాడు. అమ్మ పక్కనే నిలబడి ఎత్తు చూపించింది, ఇంకాస్త కిందికి, ఇంకాస్త, అదిగో అక్కడ. రాలిన చెక్కపొట్టు చిట్టి ఊడ్చేసింది.

చలికాలం వెళ్ళాక ఒక ఆదివారం, చిట్టి వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే, అన్న తలుపు దగ్గర వంగి చూస్తున్నాడు. పై పిడి ఎప్పటిదో, గట్టిగా ఉంది. కింది పిడి వేలితో కదిపితే ఊగుతోంది. మధ్యగది తలుపుకి వెళ్ళి చూశాడు. అక్కడా అంతే. అమ్మ గది తలుపు పిడి మరీ వదులుగా ఉంది, ఒక స్క్రూ సగం బయటికి వచ్చేసింది.

అతను చాలాసేపు అలాగే గొంతుక్కూర్చుని ఉన్నాడు. తర్వాత వెళ్ళి పనిముట్ల సంచి తెచ్చుకున్నాడు.

"ఇవి వదులయ్యాయమ్మా," అన్నాడు.

"అవుతాయి మరి," అంది అమ్మ మిషను ఆపకుండా. "రోజంతా తిప్పుతుంటే."

అన్న స్క్రూడ్రైవర్ పెట్టి, ఒక్కొక్కటీ బిగించుకుంటూ వెళ్ళాడు.